సామాన్లున్న గదిలో మంట ఎలా పెరుగుతుంది, దాన్ని ముందుగా ఎలా లెక్కకట్టాలి

ఒక గదిని చూపించి, "ఇక్కడ నిప్పంటుకుంటే ఎన్ని నిమిషాల్లో గదంతా తగలబడుతుంది?" అని అడిగేవాళ్లే ఎక్కువ. ఆ జవాబు అన్నిటికన్నా చివర వస్తుంది, అన్నిటికన్నా వదులుగా కూడా వస్తుంది. అంతకుముందు మూడు అంకెలు తేల్చుకోవాలి. గదిలోని సామాను ఎంత వేడిని వెదజల్లగలదు? ఎంత వేడి దాటితే ఆ గది మొత్తంగా అంటుకుంటుంది? తలుపులు, కిటికీల గుండా వచ్చే గాలి ఎంత మంటను పోషించగలదు? కొలతల టేపు, కాగితం, కాల్క్యులేటరు ఉంటే ఈ మూడూ గంటలోపే తేలతాయి. నిమిషాల సంగతి వేరు. మొదటి నిప్పు ఎక్కడ పడింది, ఎంతసేపు నివురుగప్పి ఉంది అన్నదాన్ని బట్టి అది చాలా మారిపోతుంది.

ఇది చేతి లెక్క. భవనానికి అనుమతులు ఇచ్చే పనికి ఇది చాలదు, దానికి అర్హత ఉన్న ఇంజినీరు కావాలి. కానీ ఆ ఇంజినీరు ఇచ్చిన నివేదికలో తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి ఈ లెక్క సరిపోతుంది.

లెక్కకు ముందు మంటను చూడాలి

సోఫా పక్కన చెత్తబుట్ట ఉంది, అందులో కాగితాలు అంటుకున్నాయనుకుందాం. మొదటి నిమిషంలో అది ఒక చెంబుడు నీళ్లతో ఆరిపోయే మంట. అది సోఫా చేతిని తాకుతుంది. పైగుడ్డ ముందు ముడుచుకుంటుంది, తరవాత చిల్లు పడుతుంది, లోపలి పాలీయురేథేన్ ఫోమ్ బయటపడుతుంది. ఫోమ్ కట్టెలా నిలబడి కాలదు. కరిగి బొట్లుబొట్లుగా కారి, సోఫా కింద నేలమీద మడుగు కడుతుంది. ఆ మడుగు కూడా అంటుకున్నాక సోఫా పైనుంచే కాదు, కిందినుంచి కూడా కాలుతుంది. అప్పటిదాకా నింపాదిగా ఉన్న మంట అక్కడినుంచి ఒక్కసారిగా వేగం అందుకుంటుంది.

ఈలోగా కళ్లు మంటమీదే ఉంటాయి కానీ, అసలు కథ పైకప్పు దగ్గర నడుస్తుంటుంది. వేడి పొగ పైకి వెళ్లి, కప్పుకు తగిలి, నలువైపులా పాకి, గోడలు అడ్డొచ్చాక కిందికి దిగడం మొదలుపెడుతుంది. గదిని బోర్లించిన తొట్టి అనుకోండి. తొట్టిలో నీళ్లు కిందినుంచి నిండుతాయి, ఇక్కడ పొగ పైనుంచి నిండుతుంది. గుమ్మం పై అంచు వరకు దిగాక బయటికి పొర్లుతుంది. గుమ్మం పైభాగం నుంచి పొగ బయటికి, కిందిభాగం నుంచి చల్లగాలి లోపలికి, ఒకే గుమ్మంలో రెండు ప్రవాహాలు. వాటి నడుమ గీత గీసినట్టు ఒక సరిహద్దు కనబడుతుంది.

ఆ పొగ పొర వేడెక్కుతూ కింద ఉన్నవాటిమీద వేడిని కుమ్మరిస్తుంది. పొర దాదాపు 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, నేలమీద పడే వేడి చదరపు మీటరుకు 20 కిలోవాట్లయ్యేసరికి, మంట తాకని వస్తువులు కూడా పొగలు కక్కి కొద్ది సెకన్లలో అంటుకుంటాయి. దీన్నే ఫ్లాషోవర్ అంటారు. నడినెత్తిమీది ఎండ చదరపు మీటరుకు సుమారు 1 కిలోవాటు. అలాంటి ఎండలు ఇరవై ఒకేసారి కాసినట్టు. అప్పటిదాకా గదిలో ఒక వస్తువు కాలుతోంది, ఆ తరవాత గదే కాలుతుంది. లోపలివాళ్లు బతికే అవకాశం దాదాపు అక్కడితో పోతుంది.

మొదటి మెట్టు: సామాను జాబితా, బరువుతో కాదు

జాబితా రాసేటప్పుడు చాలామంది బరువు చూస్తారు. బీరువా బరువైనది కాబట్టి ప్రమాదమని, సోఫా తేలిక కాబట్టి ఫరవాలేదని అనుకుంటారు. ఇది తలకిందుల లెక్క. బరువు మంట ఎంతసేపు ఉంటుందో చెబుతుంది, ఎంత పెద్దదవుతుందో చెప్పదు. మనకు కావలసింది వేడి విడుదలయ్యే రేటు, అంటే సెకనుకు ఎన్ని కిలోజౌళ్లన్నది. దాన్నే కిలోవాట్లలో చెబుతాం.

గుర్తుంచుకోదగ్గ స్థూలమైన అంకెలు ఇవి. కాగితాలున్న చిన్న చెత్తబుట్ట 50 నుంచి 150 కిలోవాట్లు. ఫోమ్ నింపిన ఒంటి కుర్చీ 1 నుంచి 2 మెగావాట్లు. ముగ్గురు కూర్చునే ఫోమ్ సోఫా 3 మెగావాట్ల దాకా, ఒక్కోసారి అంతకు మించి. మంటను తట్టుకునేలా చేయని ఫోమ్ పరుపు కూడా ఇంచుమించు ఈ కోవలోదే. మందపాటి చెక్క బల్ల మాత్రం ఒంటరిగా అంటుకోవడానికే మొరాయిస్తుంది.

జాబితాలో మరో గడి పెట్టుకోండి: గోడలకు, కప్పుకు ఏం అతికించారు? దీన్ని మరిచిపోయిన లెక్క ఎందుకూ పనికిరాదు. 2003 ఫిబ్రవరిలో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో స్టేషన్ నైట్‌క్లబ్ అనే చోట బాణసంచా రవ్వలు వేదిక వెనక గోడకు అతికించిన పాలీయురేథేన్ ఫోమ్‌ను అంటించాయి. 100 మంది చనిపోయారు. హాల్లో మనిషి నిలవలేని స్థితి దాదాపు 90 సెకన్లలోనే వచ్చిందని తరవాతి పరిశోధనలో తేలింది. అక్కడ సామాను అంటుకునేదాకా మంట ఆగలేదు. గోడే సామాను అయింది.

కొత్త సామానుకూ పాత సామానుకూ తేడా ఎంతో చూపించే ప్రయోగాలు అమెరికాలో భద్రతా పరీక్షలు చేసే యూఎల్ సంస్థ చేసింది. ఒకే కొలతల గదుల్లో ఒకదానిలో కృత్రిమ పదార్థాల ఇప్పటి సామాను, మరోదానిలో చెక్క, దూది ఎక్కువగా ఉన్న పాతకాలపు సామాను పెట్టి నిప్పంటించారు. ఇప్పటి సామాను ఉన్న గది అయిదు నిమిషాలలోపే ఫ్లాషోవర్‌కు చేరింది. పాత సామాను గదికి అరగంట దాకా పట్టింది. మీ తాతల కాలం అనుభవంతో నేటి గదిని అంచనా వేయకూడదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

రెండో మెట్టు: ఒకదాని నుంచి మరోదానికి

ఒకే వస్తువు కాలి ఆరిపోవడమూ ఉంటుంది. అందుకే దూరాలు కొలవాలి. మంట విడుదల చేసే వేడిలో సుమారు 30 శాతం వికిరణంగా అన్నివైపులా వెళుతుందని అనుకోండి. నల్లటి పొగతో కాలే ఫోమ్‌కు ఈ వాటా ఇంకా ఎక్కువే. ఆ వేడిని దూరం వర్గంతోనూ, 12.57తోనూ భాగిస్తే అక్కడ చదరపు మీటరుకు పడే వేడి తెలుస్తుంది.

1000 కిలోవాట్లతో కాలుతున్న కుర్చీని తీసుకుందాం. వికిరణం 300 కిలోవాట్లు. మంట నడిమధ్య నుంచి మీటరు దూరంలో 24, మీటరున్నర దూరంలో దాదాపు 10.6, రెండు మీటర్ల దూరంలో 6 కిలోవాట్లు. ఇప్పుడు అటుపక్క ఏముందో చూడాలి. పలచటి కర్టెను, విడిగా పడి ఉన్న కాగితాలు 10 దగ్గర అంటుకుంటాయి. మెత్తటి సోఫాలు, కుర్చీలు 20 దగ్గర. మందపాటి చెక్క 40 దాకా ఆగుతుంది. అంటే మీటరు దూరంలో మరో సోఫా ఉంటే అంటుకుంటుంది. మీటరున్నరకు జరిపితే సోఫా బతికిపోతుంది, కర్టెను బతకదు. కాలే కర్టెను తెగి దేనిమీద పడుతుందో కూడా రాసుకోండి. అది ఏ సూత్రంలోనూ ఉండదు.

పైకి ఎంత ఎగస్తుందో కూడా చూడాలి. మంట ఎత్తు మీటర్లలో కావాలంటే, కిలోవాట్లను 0.4 ఘాతానికి హెచ్చించి 0.235తో గుణించి, అందులోంచి మంట అడుగు వ్యాసానికి 1.02 రెట్లు తీసేయాలి. 30 సెంటీమీటర్ల వెడల్పున్న 100 కిలోవాట్ల చెత్తబుట్ట మంట దాదాపు 1.2 మీటర్లు లేస్తుంది, అంటే కిటికీ కర్టెనుకు అందుతుంది. మీటరు వెడల్పున 1000 కిలోవాట్ల మంట 2.7 మీటర్లు లేస్తుంది. చాలా గదుల్లో అది కప్పును తాకినట్టే. గోడవారన, ముఖ్యంగా మూలన ఉన్న మంటకు గాలి కొన్ని వైపుల నుంచే అందుతుంది కాబట్టి అది ఇంకా పొడుగు సాగుతుంది. సోఫాను మూలకు నెట్టి చోటు కలిసొచ్చిందనుకుంటాం. మంటకు కూడా కలిసొస్తుంది.

మూడో మెట్టు: గది ఎంత దాకా ఓర్చుకుంటుంది

ఇక్కడికి వచ్చాక టేపు తీయాలి. మన నమూనా గది పొడవు 4 మీటర్లు, వెడల్పు 3.5, ఎత్తు 2.7. తెరిచి ఉన్న ఒకే గుమ్మం, వెడల్పు 0.9 మీటర్లు, ఎత్తు 2.

ముందు గుమ్మానికి ఒక అంకె కట్టాలి. వైశాల్యాన్ని ఎత్తు వర్గమూలంతో గుణించాలి: 1.8 × 1.414 = 2.55. ఈ అంకెను గాలి గుణకం అందాం, ఇకమీద అన్నిచోట్లా ఇదే వాడతాం. ఎత్తుకు విడిగా ప్రాధాన్యం ఎందుకంటే, వేడి గాలికీ చల్లగాలికీ మధ్య ఒత్తిడి తేడా ఎత్తుతోబాటు పెరుగుతుంది. ఒకే వైశాల్యమున్న రెండు రంధ్రాలలో నిలువుగా పొడుగ్గా ఉన్నదే ఎక్కువ గాలిని లాగుతుంది.

తరవాత గది లోపలి ఉపరితలం. నేల 14, కప్పు 14, గోడలు 40.5, గుమ్మం తీసేస్తే మొత్తం సుమారు 66.7 చదరపు మీటర్లు.

బ్రిటన్‌లోని అగ్ని పరిశోధన కేంద్రంలో పనిచేసిన ఫిలిప్ థామస్ ఇచ్చిన సూత్రం ప్రకారం, ఫ్లాషోవర్‌కు కావలసిన కిలోవాట్లు = 7.8 × ఉపరితలం + 378 × గాలి గుణకం. మొదటి భాగం గోడలు తాగేసే వేడి, రెండోది గుమ్మంలోంచి పొగతో వెళ్లిపోయే వేడి. మన గదికి 520 + 962, అంటే దాదాపు 1480 కిలోవాట్లు. అగ్ని పరిశోధకుడు విటెనిస్ బాబ్రౌస్కాస్ ఇచ్చిన మరింత సులువైన సూత్రం గాలి గుణకాన్ని 750తో గుణించమంటుంది. దాని ప్రకారం 1900. రెండూ ఒకటి కాలేదని కంగారు పడనక్కర్లేదు. ఈ రంగంలో ఇంత దగ్గరగా రావడమే మేలు. కాగితంమీద "1.5 నుంచి 1.9 మెగావాట్లు" అని రాసుకోండి.

ఇప్పుడు జాబితాకు తిరిగి వెళ్లండి. మూడు మెగావాట్ల సోఫా ఒక్కటే ఈ గదిని ఫ్లాషోవర్‌కు తీసుకెళుతుంది, రెండో వస్తువు సాయం కూడా అక్కర్లేదు. చెత్తబుట్ట ఒంటరిగా ఎన్నటికీ తీసుకెళ్లలేదు. ఒంటి కుర్చీ మాత్రం ఆ సరిహద్దు మీద ఊగుతుంది. గదిలో ఏ వస్తువు గురించి బెంగ పడాలో ఈ ఒక్క పోలికతో తెలిసిపోతుంది.

నాలుగో మెట్టు: గాలి హద్దు

కాలే వస్తువు ఏదైనా, ఒక కిలో ఆక్సిజన్ ఖర్చయితే సుమారు 13.1 మెగాజౌళ్ల వేడి పుడుతుంది. 1917లో థార్న్‌టన్ అనే శాస్త్రవేత్త గమనించిన ఈ సంగతిని 1980లో హగెట్ అనే మరో పరిశోధకుడు ఎన్నో పదార్థాలతో సరిచూశాడు. గాలి పరంగా చెప్పాలంటే కిలోకు 3 మెగాజౌళ్లు. చెక్కయినా, ప్లాస్టిక్ అయినా, గుడ్డయినా ఇంచుమించు ఇదే. సామాను స్వభావం తెలియకపోయినా మంట పెద్దరికానికి హద్దు గీయగలగడం దీని చలవే.

గుమ్మంలోంచి లోపలికి రాగల గాలి, సెకనుకు కిలోల్లో, గాలి గుణకంలో దాదాపు సగం. కాబట్టి గదిలోపల కాలగల గరిష్ఠ మంట = 1500 × గాలి గుణకం. మన గదికి 3.8 మెగావాట్లు. సోఫా, పరుపు, కర్టెన్లు కలిసి ఆరు మెగావాట్లు ఇవ్వగలిగినా లోపల అంతకు మించి కాలదు. లోపల కాలకుండా మిగిలిన ఆవిరులు గుమ్మం దాటి, బయట గాలి దొరికినచోట మండుతాయి. పక్క గదిలోకి, వరండాలోకి నాలుకలు చాచేది ఈ మంటే.

గుమ్మానికి తోడు 1.2 మీటర్ల చదరపు కిటికీ కూడా తెరిచి ఉంటే? కిటికీ గుణకం 1.58, మొత్తం 4.12. థామస్ సూత్రం ప్రకారం ఫ్లాషోవర్ హద్దు 1480 నుంచి 2070కి పెరుగుతుంది. వేడి బయటికి పోతుంది కాబట్టి గది కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. కానీ ఆ హద్దు దాటితే 3.8 మెగావాట్లకు బదులు 6.2 మెగావాట్లు కాలుతుంది. కిటికీ తెరిస్తే మంచిదా చెడ్డదా అని అడిగేవాళ్లకు నేను ఈ రెండు అంకెలూ చూపించి ఊరుకుంటాను.

అన్నీ మూసి ఉంటే కథ పూర్తిగా మారుతుంది. గదిలో 37.8 ఘనపు మీటర్ల గాలి, అంటే దాదాపు 45 కిలోలు ఉంది. దానిలోని ఆక్సిజనంతా ఖర్చయితే 136 మెగాజౌళ్లు రావాలి. కానీ ఆక్సిజన్ 21 శాతం నుంచి 15 దగ్గరికి పడేసరికే మంట నీరసిస్తుంది. అంటే వాడుకోగలిగింది 39 మెగాజౌళ్లు. వేగంగా పెరిగే మంట (కింద అయిదో మెట్టులో చెప్పే "వేగం" తరగతిది) వీటిని రెండుంబావు నిమిషాల్లో తినేస్తుంది. అప్పటికి దాని బలం సుమారు 860 కిలోవాట్లు, తలుపు తెరిచి ఉన్నప్పుడు ఫ్లాషోవర్‌కు కావలసిన దానిలో సగానికి కాస్త పైన. మూసిన తలుపు వెనక మంట తనకు తానే ఊపిరాడక కుంగిపోతుందన్నమాట.

దీన్ని చూసి లోపలివాళ్లు క్షేమమని అనుకోకండి. ఊపిరాడని మంటే ఎక్కువ కార్బన్ మోనాక్సైడ్ చిమ్ముతుంది, ఫోమ్ అయితే హైడ్రోజన్ సయనైడ్ కూడా. మూసిన తలుపు కాపాడేది దాని బయట ఉన్నవాళ్లను. పైగా గది నిండా మండని వేడి ఆవిరులు ఉంటాయి. ఎవరో తలుపు తీస్తారు, లేదా కిటికీ అద్దం రాలుతుంది, కింది నుంచి చల్లగాలి దూరుతుంది. మంట మళ్లీ లేస్తుంది, ఒక్కోసారి పేలుడులా బయటికి తన్నుకొస్తుంది. తలుపు సందుల్లోంచి పొగ ఒకసారి బయటికి, ఒకసారి లోపలికి శ్వాసలా కదులుతుంటే, తలుపు ముట్టుకుంటే కాలుతుంటే, దాన్ని తీయకూడదు. అగ్నిమాపక సిబ్బందికి వదిలేయాలి.

అయిదో మెట్టు: ఇప్పుడు నిమిషాలు

మంట బలం కాలం వర్గంతో పెరుగుతుందని లెక్కకోసం అనుకుంటారు. సుమారు 1 మెగావాటును చేరడానికి పట్టే సమయాన్ని బట్టి నాలుగు తరగతులు: నెమ్మది 600 సెకన్లు, మధ్యస్థం 300, వేగం 150, అతివేగం 75. ఫోమ్ సోఫాలను సాధారణంగా వేగం, అతివేగం తరగతుల్లో వేస్తారు. సెకన్ల వర్గాన్ని మధ్యస్థానికి 0.01172తో, వేగానికి 0.0469తో, అతివేగానికి 0.1876తో గుణిస్తే కిలోవాట్లు వస్తాయి.

తలుపు తెరిచి ఉన్న మన గదికి 1480 కిలోవాట్లు చేరడానికి మధ్యస్థ మంటకు దాదాపు ఆరు నిమిషాలు, వేగమైనదానికి మూడు, అతివేగానికి ఒకటిన్నర. ఒక్క మాటలో జవాబు చెప్పమని ఎవరు బలవంతపెట్టినా లొంగకండి. "ఒకటిన్నర నుంచి మూడు నిమిషాలు, చక్కగా అంటుకున్నాక" అని రాయండి. ఆ చివరి రెండు మాటలే ముఖ్యం. ఆర్పని సిగరెట్టు పరుపులో పడితే గంట, అంతకుమించి కూడా మంట లేకుండా పొగలతో రాజుతూ ఉండొచ్చు. ఆ గంట ఏ సూత్రంలోనూ లేదు. గడియారం మొదలయ్యేది మంట లేచాకే.

ఫ్లాషోవర్ తరవాత ఎంతసేపు కాలుతుందన్నది సులువు. జపాన్ పరిశోధకుడు కునియో కవాగోయె 1950లలో తేల్చిన ప్రకారం చెక్క నిమిషానికి 5.5 × గాలి గుణకం కిలోల చొప్పున కాలుతుంది. మన గదిలో అది 14 కిలోలు. చెక్కతో సమానమైన 400 కిలోల సామానుంటే దాదాపు అరగంట. గోడ, తలుపు ఆ అరగంట నిలబడతాయా అన్నది వేరే లెక్క.

కంప్యూటరును ఎంత నమ్మాలి

అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ రెండు ప్రోగ్రాములను ఉచితంగా ఇస్తోంది. సీఫాస్ట్ గదిని వేడి పొర, చల్లపొర అని రెండు ముక్కలుగా చూస్తుంది. ఎఫ్‌డీఎస్ గదిని వేల చిన్న గడులుగా కోసి గాలి కదలికను లెక్కిస్తుంది. రెండూ మంచివే. అయితే సోఫా ఎంత వేగంగా కాలుతుందో చాలాసార్లు మనమే వాటికి చెప్పాలి. మనం తప్పు చెబితే అవి రంగురంగుల బొమ్మలతో అదే తప్పు తిరిగి చెబుతాయి.

దీనికి మంచి పాఠం 2006లో గ్లాస్గోలోని డాల్మార్నాక్‌లో దొరికింది. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం నాయకత్వంలో, 23 అంతస్తుల భవనంలోని ఒక ఫ్లాట్‌ను సామానుతో నింపి నిజంగానే తగలబెట్టారు. ఫలితం చూడకముందే వివిధ దేశాల బృందాలు గది వివరాలు తీసుకుని తమ అంచనాలు పంపాయి. పది అంచనాలూ ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. ముఖ్యంగా మంట పెరిగే వేగం విషయంలో. నిజమైన గది సుమారు అయిదు నిమిషాల్లో ఫ్లాషోవర్‌కు చేరింది. తరవాత కొలిచిన మంట వేగాన్ని ఇచ్చి లెక్కిస్తే మాత్రం మిగతావి చాలావరకు కుదిరాయి. వేడి ఎటు వెళుతుందో లెక్కించడం మనకు బాగానే వచ్చు. వేడి ఎంత పుడుతుందో చెప్పడంలోనే చతికిలబడుతున్నాం.

అందుకే నేను కంప్యూటరు ముందు కూర్చునే ముందు చేతిలెక్క చేసి, జవాబు గోడకు అంటిస్తాను. ప్రోగ్రాము ఆ గదిలో లోపలే ఎనిమిది మెగావాట్లు కాలుతోందంటే, గాలి హద్దు 3.8 అని తెలుసు కాబట్టి ఎక్కడో తప్పు కొట్టానని వెంటనే అర్థమవుతుంది.

లెక్క కాగితం చివర మీ ఊహలు రాయాలి: మొదట ఏది అంటుకుంది, ఏ తరగతి వేగం, ఏ కిటికీ ఎప్పుడు పగిలింది. అద్దం విషయంలో ధీమా వద్దు. చట్రం నీడలో చల్లగా ఉన్న అంచుకూ వేడెక్కిన నడిమికీ తేడా పెరిగితే మామూలు అద్దం పగులుతుంది, కానీ పగలడం వేరు, రాలడం వేరు. గాలి వచ్చేది రాలినప్పుడే. కాబట్టి పగిలినట్టు ఒకసారి, పగలనట్టు ఒకసారి లెక్కించండి. తలుపు సంగతి మాత్రం ఊహకు వదలొద్దు. రాత్రిపూట అది తెరిచి ఉంటుందో మూసి ఉంటుందో ఆ గదిలో పడుకునేవాళ్లనే అడిగి రాసుకోండి.